చూచువాని ఋణము

చూపునకు వెల లేదని లోకుల నమ్మకము. తిన్న అన్నమునకు, కట్టిన బట్టకు, ఎక్కిన బండికి, బసచేసిన సత్రమునకు వెల చెల్లింతుము గాని, కన్నులార చూచినదానికి ఎవ్వరును పద్దు వ్రాయరు. విహారయాత్రకు పోయివచ్చిన గృహస్థుని ఖర్చుల పుస్తకము తెరచి చూడుడు. రైలు టిక్కెట్లు, ఫలహారములు, ఆటో బాడుగలు వరుసగా కనబడును. అతడు చూచిన మనుష్యుల ఊసు మాత్రము అందుండదు. వారు ఖర్చులోనికి రారు, జమలోనికిని రారు. ఇది సరియైన లెక్కయేనా అను ప్రశ్న కొంతకాలముగా నన్ను వెన్నాడుచున్నది. దానిని పాఠక మహాశయుల యెదుట నుంచుటకే ఈ నాలుగు మాటలు.

కొండను చూచుటవలన కొండ తరుగదు, సముద్రమును చూచుటవలన సముద్రము ఇంకదు. ఇందు వివాదము లేదు. దేవాలయమునకు పోయినపుడును చిక్కు లేదు. అచ్చటికి మనము చూచుటకు మాత్రమే పోము, చూడబడుటకును పోదుము; మ్రొక్కో, ముడుపో, తలనీలములో, ఒకపూట ఉపవాసమో మననుండి అచ్చటికి చేరును. చిక్కంతయు మనుష్యులు పనిచేయు తావునకు వేడుక చూడబోవుటయందే యున్నది. ఒకడు చెమటోడ్చి బరువు మోయుచుండును. వేరొకడు చేతులు వెనుకకు కట్టుకొని నిలిచి "ఎంత బాగున్నది!" అనుచుండును. ఆ బాగు ఎవరిది? బరువు మోయువానికి అది బాగుగా నున్నదా?

రేవుపట్టణములలో ఈ ప్రశ్నను తప్పించుకొనుట కష్టము. రాజధానీ నగరములలో కోటలు, మేడలు చూడవచ్చును. అవి ఏనాడో పని ముగించినవి. రేవునందు చూడదగినదంతయు పనియే. ఓడ వచ్చుట పని, సరకు దిగుట పని, వల ఆరవేయుట పని. పనిని తీసివేసినచో రేవున మిగులునది ఉప్పునీరు మాత్రమే.

గత మాఘమాసమున మా పాఠశాల లెక్కల మాస్టారును నేనును విశాఖపట్టణమున ఒక దినమంతయు కాలినడకన తిరిగితిమి. ఉపాధ్యాయుల శిక్షణ తరగతులు ముందునాటితో ముగిసినవి. మా రైలు ఆ రాత్రికి గాని లేదు. ఇరువురమును మెట్టసీమవారము, చెరువే మాకు సముద్రము. ఆటో ఎక్కుదమని నేనంటిని. "నాలుగైదు మైళ్ళకు బండెందుకండీ పండితులుగారూ? మీ మోకాళ్ళు నా మోకాళ్ళకంటె రెండేళ్ళు చిన్నవే కదా" అని ఆయన నవ్విరి. నడచుటకే నిశ్చయమైనది.

తెల్లవారకముందే చేపలరేవు చేరితిమి. వందలకొలది మరపడవలు ఒకదానినొకటి ఒరసికొని నిలిచియున్నవి. పది పదునైదు దినములు సముద్రముమీద గడపి వచ్చిన పడవల అరలనుండి ఐసుముక్కలతో కూడ చేపలను దించుచున్నారు. వంజరములు, చందువలు, కానాగంతలు, రొయ్యలు వేరువేరుగా రాశులు పోసి వేలము వేయుచున్నారు. వేలమునకు 'పాట' అను పేరెట్లు వచ్చినదో అచ్చట నిలిచి వినినవారికి తెలియును. దానికొక రాగము కలదు, తాళమును కలదు. పాట ముగిసినంతనే స్త్రీలు తట్టలు నింపుకొని, తలపై చుట్టకుదురు సర్దుకొని, పరుగువంటి నడకతో సాగిపోవుదురు. ఐసు కరగకముందే ఊరిలో అమ్ముకొనవలెను గదా. పడవ దించినది మొదలు వంటయింటికి చేరువరకు ఆ సరకునకు శత్రువు కాలమే. అందుచే అచ్చట ఎవ్వరికిని తీరిక లేదు. తీరిక యున్నది మా యిరువురికే.

త్రోవ ఇరుకైనది. మా వెనుకనుండి ఒక వృద్ధురాలు, తలపై నీరు కారుచున్న తట్టతో వచ్చి, "కొంతారేటి బాబూ? కొనకపోతే పక్కకి జరగండి, నీలు కారతన్నాయి" అన్నది. జరిగితిమి. ఆమె పోయినది. ఆ మాటలో కోపము లేదు, ఎగతాళియు లేదు. కొనువారు, అమ్మువారు, మోయువారు అను మూడు జాతుల మనుష్యులు మాత్రమే ఆ తావునకు కావలసినవారు. చూచువాడను నాలుగవజాతివానికి అచ్చట చోటేదియో ఆమెకు తెలియదు. నిజమునకు మాకును తెలియదు.

టీ దుకాణమువద్ద వాదము మొదలైనది. లెక్కల మాస్టారు వేదాంత గ్రంథములు శ్రద్ధతో చదివినవారు. పంచదశిలో నాటకదీప ప్రకరణమని యొకటి కలదు. రంగస్థలమునందలి దీపము ప్రభువును, సభ్యులను, నర్తకిని సమముగా వెలిగించును. వారందరు లేచిపోయినను అది వెలుగుచునే యుండును. సాక్షిచైతన్యమును అట్టిదే అని దాని తాత్పర్యము. ఆయన దానిని ఎత్తుకొని, "చూసేవాడు దీపం లాంటివాడండీ. దీపానికి అప్పెక్కడిది?" అనిరి. వినుటకు సొంపుగానే యున్నది. కాని దీపము తన గూటిలో నుండును, త్రోవలో నిలువదు. వేదాంతము చెప్పిన సాక్షికి దేహము లేదు. మాకు దేహములున్నవి, అవి ఆ ఇరుకుత్రోవలో రెండు తట్టలు పట్టునంత చోటు ఆక్రమించినవి. ఆత్మను గూర్చి చెప్పిన మాటను టిక్కెట్టు కొన్న యాత్రికునకు అన్వయించుట మన దేశమున పండితులు తరచుగా చేయు పని. అది సులభము, కాని సరి కాదు.

అటులైన పోకుండుటయే మంచిదనువారు కలరు. ఇతరుల కష్టమును వేడుకగా చూచుటకంటె ఇంటిపట్టున నుండుట మేలని వారి మాట. ఈ మాటలో సత్యము కొంత కలదు గాని, ఇది లెక్క తెగగొట్టు మాట కాదు, లెక్క పుస్తకమును మూసివేయు మాట. మా యూరి రైతు పొలమున చల్లు ఎరువు బస్తాలలో కొన్ని ఓడపై ఇట్టి రేవుననే దిగినవి. వంటయింట మండు గ్యాసు, బండ్లలో పోయు చమురు చాలవరకును, దీపమును వెలిగించు విద్యుత్తునకు కావలసిన బొగ్గులో కొంతయు రేవులగుండనే వచ్చును. బస్తర్ ప్రాంతపు బైలదిల్లా కొండల ఇనుపఖనిజము రైలుపై విశాఖకు వచ్చి ఓడలకెక్కును. ఆ బొగ్గు, ఆ ఖనిజము నిలువచేయు ప్రాంతమున లేచు ధూళి పాతపట్టణపు ఇండ్ల గోడలపైనను, అచ్చటివారి ఊపిరితిత్తులపైనను పడుచున్నదని ఆ వీధులవారు ఎన్నియో ఏండ్లుగా మొరపెట్టుకొనుచున్నారు. మనము చూచినను చూడకున్నను వారికిని మనకును సంబంధము ముందే యున్నది. చూడనంతమాత్రమున ఋణము తీరదు, తెలియకుండ పోవునంతే.

ఇక వాసన మాట. మత్స్యము ముట్టని ఇండ్లవారము గనుక చేపలరేవు గాలి మాకు అలవాటు లేనిది. లెక్కల మాస్టారు చేతిరుమాలు ముక్కునకు అడ్డము పెట్టుకొనిరి. అందు తప్పు పట్టుటకేమియు లేదు. ముక్కు మనమాట వినునది కాదు. నేను చెప్పదలచినది వేరు. ఏది నోటపెట్టుకొనవలెను, ఏది పెట్టుకొనరాదు అనునది మన నియమము. ఆ నియమము మన కంచమునకు సంబంధించినది. దానిని ఎదుటివాని ముఖముపై విధించి, వాని పనియే నీచమని తలచుట ఏ నియమమును చెప్పలేదు. ఈ పత్రికా పాఠకులకు ఇది వివరింపనక్కరలేదు. పన్నెండవ శతాబ్దమున కళ్యాణమున గుమిగూడిన శరణులలో అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు, నులియ చందయ్య గడ్డితో త్రాళ్ళు పేనువాడు. గడ్డి కోయుచుండగా మెడలోని లింగము జారి నీటబడినను చందయ్య పని ఆపలేదని కథ చెప్పుదురు. ఆ కథలోని తత్త్వము పెద్దలు చెప్పవలసినది. నాకు తట్టినది చిన్న సంగతి. చేపలరేవున ఎటుచూచినను త్రాళ్ళే. పడవను గట్టునకు కట్టుటకు త్రాడు, వలకు త్రాడు, లంగరునకు త్రాడు. పురాణము చెప్పునపుడు త్రాడు పేనువానికి చేతులు మోడ్చి, రేవునకు వచ్చి అతనికి ముక్కు మూసికొనుట మనకు తగునా?

ఆ రేవునుండి పాతపట్టణము దూరము లేదు. బురుజుపేటలోని కనకమహాలక్ష్మి గుడికి పోతిమి. అమ్మవారికి పైకప్పు లేదు. ఎండలో, వానలో అటులే కూర్చుండియుండును. వచ్చినవారు ఏ కులమువారైనను తామే పసుపు కుంకుమలు సమర్పించి పూజచేసికొనవచ్చును. మేము పోయినపుడు తట్టలు దించివచ్చిన స్త్రీలు ఇరువురు ముగ్గురు వరుసలో నుండిరి. గంటక్రితము మేము చూచినవారిని ఇపుడు ప్రక్కన నిలిచి వరుసలో చూచితిమి. చూచువాడు, చూడబడువాడు అను భేదము అచ్చట నిలువలేదు. అందరమును ఒక దిక్కునకే చూచుచున్నాము గదా.

అచ్చటినుండి కోటవీధి మీదుగా నీటిపాయ వైపు నడచితిమి. ఓడలు లోపలి రేవునకు పోవు ఇరుకు త్రోవ అదియే. ఆవలి గట్టున డాల్ఫిన్స్ నోస్ అను కొండ సముద్రములోనికి ముక్కువలె చొచ్చుకొనియున్నది. ఈవలి గట్టున మూడు చిన్న కొండలు ప్రక్కప్రక్కన కలవు. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిపై ఇషాక్ మదీనా దర్గా, మూడవదానిపై చర్చి. చర్చి యున్న కొండకు రాస్ అను దొర పేరు. ఆయన 1864 లో అచ్చట ఇల్లు కట్టుకొనెను. దర్గాను గూర్చి జిల్లా చరిత్రలలో ఒక ముచ్చట కలదు. బంగాళాఖాతపు గాలివానలు ఆ మహాత్ముని మాట వినునని నమ్మి, ప్రయాణము క్షేమముగా ముగిసినపుడు హిందూ ఓడ యజమానులు వెండితో చేసిన చిన్న దోనెలను అచ్చట సమర్పించుచుండిరట. సముద్రముమీద బ్రతుకువారికి మ్రొక్కుటకు చోటు కావలెను; ఏ కొండ అని అడుగుటకు వ్యవధి యుండదు.

1933 కు పూర్వము ఇచ్చట ఇట్టి రేవు లేదు. ఓడలు దూరముగా సముద్రముమీదనే లంగరు వేసికొనెడివి. మేకులు లేక కొబ్బరిత్రాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవలపై సరకు గట్టునకు చేరుచుండెడిది. అలల దెబ్బకు మేకులు కొట్టిన పడవ పగులును గాని, కుట్టిన పడవ వంగి లేచును. పిమ్మట ఉప్పుటేటి చిత్తడినేలను త్రవ్వి రేవు కట్టిరి. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అను ఓడ మొదటగా లోనికి వచ్చినది. ఆ డిసెంబరు 19న రాజప్రతినిధి విల్లింగ్డన్ ప్రభువు రేవును ప్రారంభించెను. అలలధాటి కాపుటకై ముఖద్వారమువద్ద రెండు పాత ఓడలను బుద్ధిపూర్వకముగ ముంచి వానిచుట్టు రాళ్ళు పేర్చిరి. లెక్కల మాస్టారికి ఈ సంగతి మిక్కిలి నచ్చినది. ఆయన గట్టున నిలిచి ఆ ఓడలు ఏ దిక్కున నుండునో ఊహింప ప్రయత్నించిరి. కనబడునది ఏమున్నది? కనబడకుండుటయే వాని కొలువు. లోనికి వచ్చు ప్రతి ఓడయు ఆ రెండింటి ఆశ్రయముననే వచ్చును; ఏ ప్రయాణికుడును వాని వైపు వ్రేలు చూపడు.

చూపు ఎంతదూరము పోవునో తెలిసికొనుటకు ఆ గట్టు మంచి తావు. మాకు కనబడినవి ఒక సరకుల ఓడ, దానిని త్రోసి లాగు రెండు టగ్గు పడవలు, పైలట్ పడవ, కొన్ని కొంగలు. ఆ నీటిమీదనే, ఈ తీరమునుండియే, ఒకనాడు వేలమంది కూలీలు రంగూనునకు పోయిరి. అచ్చటి బియ్యపు మిల్లులలోను, రేవులలోను బస్తాలు మోసిరి. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడిన పిమ్మట ఓడ దొరకనివారు ఆరకాను కొండలగుండ, అస్సాము అడవులగుండ నడచి వచ్చిరి. ఎందరో త్రోవలోనే రాలిపోయిరి. 1942 ఏప్రిలు 6న ఈ పట్టణముపైనను జపానువారి బాంబులు పడినవి. బర్మానుండి పిమ్మట తిరిగివచ్చినవారి పేట నేటికిని విశాఖలో 'బర్మా క్యాంపు' అను పేరుతో నున్నది. ఆ నడకయు నడకయే, మాదియు నడకయే. మేము వేడుకకు నడచితిమి, అలసినచోట కూర్చుంటిమి. పదము ఒక్కటే యైనంతమాత్రమున అర్థము ఒక్కటి కాదని నిఘంటువులతో జీవితము గడపిన నాకు వేరుగా చెప్పనక్కరలేదు.

మధ్యాహ్నపు ఎండలో దాహమైనది. ఒక ఇంటి అరుగుమీద వల బాగుచేయుచున్న పెద్దాయనను నీరడిగితిమి. ఆయన లోనికి కేకవేసి చెంబు తెప్పించెను. బండిలో పోయినచో నీటిసీసా కొనుక్కొని యుండెడివారము. ఎవరినైన నోరు తెరచి అడుగవలసిన పని పడియుండెడిది కాదు. కాలినడకకు ఈ గుణమున్నది. అది మనిషిని అర్థిగా చేయును. అర్థియైనవాడు ఎదుటివానిని దృశ్యముగా చూడలేడు. నీరు త్రాగిన పిమ్మట ఆయన పనిని చూచితిమి. తెగిన కన్నులను ఒక్కొక్కటిగా వెదకి, నూలుకండెను లోనికి బయటకు దూర్చి, పాతకన్ను కొలతకు కొత్తకన్ను అల్లుచున్నాడు. కొలబద్ద లేదు, వ్రేలే కొలత. లెక్కల మాస్టారు ఒక గజమునకు ఎన్ని కన్నులని అడిగిరి. "లెక్కెట్టుకుంటే వల అవదు బాబూ" అని ఆయన సమాధానము. అది మా మాస్టారికి రుచించలేదు.

అంతలో చక్కని దుస్తులు ధరించిన పడుచువారు నలుగురు వచ్చి సెల్‌ఫోనులతో ఆయనను ఫొటోలు తీసికొనసాగిరి. పెద్దాయన తల వంచుకొనెను. వారు పోయిరి, వారిలో ఒక్కరైన ఆయనతో మాటాడలేదు. ఫొటో తీయుట పాపమని నేననను. కాని ఇందులో ఒక విచిత్రమైన వ్యాపారము కలదు. ఆయన ముఖము ఆయనకు తెలియని ఊళ్ళకు పోవును. తెలియనివారు దానిని చూచి మెచ్చుకొందురో, జాలిపడుదురో, నవ్వుదురో. ఆయనకు దాని వార్తయే రాదు. సంతలో పశువును అమ్మినవానికైన కొన్నవాని ఊరు తెలియును. 2023 నవంబరు 19 రాత్రి ఈ చేపలరేవున మంటలు లేచి నలుబది వరకు పడవలు దగ్ధమైనపుడు ఆ జ్వాలల చిత్రములను దేశమంతయు చూచినది. చూచినవారిలో ఒక పడవ కాలినచో ఎన్ని కుటుంబముల కూడు పోవునని లెక్కించినవారు ఎందరు? పడవ యజమానిది ఒకటి. దానిపై పాలునకు పోవువారివి ఆరో, ఏడో, ఎనిమిదో. ఖర్చులు పోగా మిగిలినదానినే వారు పంచుకొందురు. పడవయే లేనపుడు పంచుకొనుటకు ఏమున్నది?

జాలి ఋణము తీర్చునను అభిప్రాయము మనలో బలముగా నున్నది. నేనంగీకరింపను. జాలి చూపినవాడు తేలికపడును; చూపబడినవాడు మరికొంచెము క్రుంగును. పైగా ఆ వృద్ధురాలు జాలి అడుగలేదు. కొనుమన్నది, లేదా జరుగుమన్నది. రెండును గౌరవమైన మాటలు. రెండింటిలోను మనలను లెక్కలోని మనుష్యులుగానే పరిగణించినది.

మహారాణిపేట మీదుగా, 1923 లో తెరచిన కింగ్ జార్జి ఆసుపత్రి ప్రక్కగా దిగి, సముద్రతీరపు రోడ్డు పట్టితిమి. అచ్చటి గుడులు, విగ్రహములు, పల్లీల బండ్లు వర్ణించుటకు నాకు ఓపిక లేదు, అవి అందరెరిగినవే. రామకృష్ణా బీచియందలి జలాంతర్గామిని మాత్రము చెప్పవలెను. 'కుర్సురా' అను నీ నౌక సోవియట్ దేశమున తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళమున చేరినది. ముప్పదియొక్క ఏండ్లు కొలువుచేసి, సుమారు 73,500 నాటికల్ మైళ్ళు తిరిగి, 2001 ఫిబ్రవరిలో విరమించినది. 2002 ఆగస్టునుండి ఇసుకపై ప్రదర్శనశాలగా నిలిచియున్నది. పొడవు 91 మీటర్లు. ఆ ఇనుపగొట్టములో డెబ్బది అయిదుగురు వరకు మనుష్యులు నివసించెడివారు. టార్పెడోల ప్రక్కనే పడకలు, స్నానమునకు నీరు కరవు, ఇంజనుల వేడి. ఒక అరనుండి వేరొక అరకు పోవు గుండ్రని ద్వారమున మోకాలు ముందు పెట్టవలెనా, తల ముందు పెట్టవలెనా అని మా లెక్కల మాస్టారు కొంతసేపు తర్కించిరి. ఆ సముద్రముననే, ఈ తీరమునకు కొద్దిదూరములో, 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిరాత్రి పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' తొంబదిమందికి పైగా మనుష్యులతో మునిగినది. అది నేటికిని అడుగుననే యున్నది. శత్రువులే, కాని వారికిని ఇట్టి ఇరుకు పడకలే యుండెడివి గదా.

లోపల మాకు త్రోవ చూపినాయన నౌకాదళమున పనిచేసి విరమించిన ఉద్యోగి. వేగముగా నడుచుచున్న గుంపును ఆపి, "ఇక్కడ పడుకుని చూడండి" అనలేదు గాని, పడుకొనినచో ముఖమునకు పైపలక ఎంతదూరమో జానతో కొలిచి చూపెను. ఎవరో పిల్లవాడు నవ్వగా, "నవ్వు బాబూ, మేమూ నవ్వేవాళ్ళమే, లేకపోతే బతకలేం" అనెను. నాకప్పుడొక సంగతి తోచినది. ఉదయమునుండి నేను వెదకుచున్న భేదము అచ్చటనున్నది. చూడబడువానికి మాటాడు హక్కు ఉన్నచోట చూచుట ఒక సంభాషణ యగును. ఆ హక్కు లేనిచోట అది దోపిడి కాకపోవచ్చును గాని, దోపిడికి దగ్గరి చుట్టము. వృద్ధురాలు తనంతట తానే ఆ హక్కు తీసికొన్నది. వల అల్లు పెద్దాయనకు మేము నీరడుగుటవలన అది లభించినది. ఫొటోలు తీసినవారి యెదుట ఆయనకది లేకపోయినది. అందుచేతనే తల వంచుకొనెను.

రైలు స్టేషనులో లెక్కల మాస్టారు తుది ఆక్షేపణ చేసిరి. దానిని దాచిపెట్టుట న్యాయము కాదు. "మీరెంత గౌరవంగా చూసినా వాళ్ళ తట్టలో ఒక్క చేప పెరగదు. వాళ్ళకు కావలసింది ధర, మీ చూపు కాదు" అనిరి. ఈ మాటకు పూర్తి సమాధానము నాయొద్ద లేదు. ధర సంగతి ధరతోనే తేలవలెను, వ్యాసములతో తేలదు. అయితే చూపువలన ఏమియు పెరగదు, తరగదు అనుటను మాత్రము నేనొప్పుకొనను. ఏలయన మా పాఠశాలలోనే దానికి సాక్ష్యమున్నది. ప్రతి సంవత్సరము పిల్లలచేత ఒక పత్రము నింపింతుము. అందు 'తండ్రి వృత్తి' అను గడి యొకటి కలదు. బస్టాండు ప్రక్కన చెప్పులు కుట్టు ఒకాయన కుమారుడు ఆ గడిలో 'ప్రైవేటు ఉద్యోగం' అని వ్రాసెను. చాకలి వృత్తివారి పిల్ల ఆ గడిని ఖాళీగా విడిచినది. ఆ తండ్రుల చేతిపనిని వారికి ఎవ్వరును మాటలతో నిందించలేదు. తోటిపిల్లలు చూచిరి, అంతే. ఆ చూపే తండ్రి పేరు ప్రక్కనుండి పనిని తుడిచివేసినది. మన మఠముల వసతిగృహములలో చదువుకొను పిల్లల పత్రములను తీసి చూచినచో ఇట్టి ఖాళీ గడులు అచ్చటను కనబడునేమోయని నా అనుమానము. వెలలేనిదనుకొన్న చూపు ఒక పిల్లవానియొద్దనుండి ఇంత తీసికొనగలిగినపుడు, వేరొకవిధమైన చూపు కొంతైన తిరిగి ఇయ్యలేదా?

లెక్కల మాస్టారు దీనికి ఔననలేదు, కాదనలేదు. కాని ఊరు చేరిన మరునాడే తొమ్మిదవ తరగతి పిల్లలను ఒక దినము విశాఖ తీసికొనిపోవుటకు ఎంత వ్యయమగునో లెక్క వేసి ప్రధానోపాధ్యాయుల బల్లపై పెట్టిరి. బస్సు లేకుండ, రేవునుండి సముద్రతీరమువరకు నడకయే. పోయిన చోటనెల్ల పనివారితో మాటాడి, పనిముట్ల పేర్లను వారినోటనే విని వ్రాసికొనుట పిల్లల వంతు. చెప్పులు కుట్టువాని కుమారుని పేరు పట్టికలో మొదటనే యున్నది. అక్షరక్రమమున అటుల వచ్చినదని మాస్టారు చెప్పుచున్నారు. నేను సరిచూచితిని, అటుల రాదు. తేదీ మాత్రము ఇంకను నిర్ణయము కాలేదు. ఏప్రిలు 15 లోపల పోవలెను. ఆ దినమునుండి జూను 14 వరకు, చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని, 61 దినములు తూర్పుతీరమున మరపడవల వేట నిషేధము. పరీక్షలు చూచిన ఏప్రిలులోనే వచ్చుచున్నవి.